బ్రైటు

కొండపి హైస్కూలు, తొమ్మిదో తరగతి, బీ సెక్షన్.
బోర్డు మీద ఒక్క మాట రాశాను: బ్రైట్.
విశేషణం, అన్నాను. నామవాచకం ముందు నిలబడి
దానికి రంగు పూయడం దీని పని.
పర్యాయపదాలు చెప్పండి.

షైనింగ్, అన్నాడు మస్తాన్ వలి.
క్లెవర్, అన్నాడు గైడు ముందే తిరగేసిన భరద్వాజ.
తెలుగులోకి దించబోతే
నాకే మాట చిక్కలేదు.
దీపానికైతే వెలుగు, మొహానికైతే కళ,
చీర రంగుకైతే కొట్టొచ్చినట్టు,
బుర్రకైతే చురుకు.
ఆ చురుకు మళ్ళీ మా ఎండదే, వీపు మీద పడేది.
ఒక్క ఇంగ్లీషు మాట కోసం
నాలుగిళ్ళు తిరిగి చేబదులు తెచ్చినట్టయింది.

"మన జిల్లా పేరు కూడా అదేనా సార్?"
అది మనిషి పేరు, కూర్చో, అన్నాను.
వాడు కూర్చున్నాక అనిపించింది
తప్పేమీ అడగలేదని.

వాడుక కూడా చెప్పాలిగా.
భరద్వాజ ఈజ్ ఎ బ్రైట్ స్టూడెంట్, అని రాశాను.
మూడో వరసలోంచి సాలోమి లేచింది.
"అయితే సార్, మీడియం స్టూడెంట్ అనొచ్చా?
లో స్టూడెంట్?
నోబిడ్ స్టూడెంట్?"

క్లాసంతా నవ్వింది.
మూడో వరస నవ్వలేదు.
పరీక్షల పేరు చెప్పి వాళ్ళనలా కూర్చోబెట్టింది నేనే:
ఏ గ్రేడు కిటికీ పక్కన, బీ మధ్యన, సీ గోడ వారగా.
చాక్‌పీసు జేబులో వేసుకున్నాను.
బెల్లు ఎంతకీ కొట్టరు.

శనివారం తెల్లారి
మాల్యాద్రి గారి బ్యారన్ దగ్గరికి వెళ్ళాను.
హాజరు సంగతి అడగడానికని నాకు నేనే చెప్పుకున్నాను.
రేకుల కింద పన్నెండు మంది ఆడవాళ్ళు
మంచుకి ఆకు మెత్తబడి ఉండగానే
గబగబా ఎంచుతున్నారు.
ఎండెక్కితే పెళుసు, పట్టుకుంటే పొడి.
సాలోమి వాళ్ళమ్మ ఎలీశమ్మ
జిగురుకి నల్లబడ్డ వేళ్ళతో స్టూలు జరిపింది.
ఆమె చుట్టూ మూడు కుప్పలు.
ఆమెకి వచ్చిన ఇంగ్లీషు మూడే మాటలు.
బ్రైటు. మీడియం. లో.
ఆ బ్రైటు ఆమె నోట ఎప్పుడో తెలుగైపోయింది,
చివర ఉకారం తగిలించుకుని
కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వచ్చినట్టు.

నేనో ఆకు తీసి ఎండకి ఎత్తిపట్టాను.
నిమ్మపండులా మెరిసింది.
ఇది బ్రైటే కదమ్మా?

"ఎండలో చూడబాకండి సారూ.
ఎండకి పెడితే మాడిన ఆకైనా బ్రైటే.
నీడలో చూడాల."

నీడలోకి తెచ్చాను. ఇటుకరంగు మచ్చలు తేలాయి.

అంతా ఒకే చెట్టుదేగా, అన్నాను.
"ఒకే చెట్టుదే. అడుగాకు మట్టి తింటది,
కొనాకు ఎండ తింటది,
నడిమాకు సుకంగా ఉంటది.
ఆకు చేసిందేముంది?
మంటేసేవోడు ఒక్క రాత్రి కునుకు తీస్తే
నడిమాకు కూడా లో లోకే."
నన్ను చూసి అనలేదు. ఆకుని చూసే అంది.

నోబిడ్ అంటే ఏంటని అడిగాను, తెలిసే.
"కొనేవోళ్ళు బేలు ముందు ఆగకుండా పోతారు.
బేలు ఇంటికొస్తది. ఇప్పుతాం, మళ్ళా ఎంచుతాం.
దాంట్లో బ్రైటు ఎంతో కొంత ఉండనే ఉంటది."

టీ ఇచ్చింది. గ్లాసు అంచున పొగాకు చేదు.
మధ్యాహ్నం అన్నంలోకి కూడా వచ్చింది.

సోమవారం వరసలు చెరిపేశానని రాస్తే
కవిత బాగుండేది.
చెరపలేదు. హెడ్‌మాస్టరు గారి రిజిస్టరులో
మూడు రంగుల గళ్ళు అలాగే ఉన్నాయి.
కాకపోతే నా కుర్చీ గోడ వారకి, నీడలోకి లాక్కుని
అక్కడ కూర్చుని నోట్సులు దిద్దాను.

సాలోమి రాసింది:
వెలుగు, చురుకు, కళ,
అమ్మ ఎడమచేతి పక్క కుప్ప.
అన్నిటికీ రైటు కొట్టాను.
పైన అసలు మాటలో మాత్రం
మధ్య రెండక్షరాలు ఎగరగొట్టింది.
జీ, హెచ్. ఎర్ర సున్నా చుట్టాను.

"అవి పలకవు గదా సార్," అంది,
"మరెందుకు?"

ఉండాలమ్మా, అన్నాను.
ఎందుకో రేపు చెప్తానన్నాను.